స్ట్రింగ్‌లలో యాక్సెంట్ అక్షరాలను, ప్రత్యేక గుర్తులను పసిగట్టి మార్చడం: సమగ్ర మార్గదర్శి

లాటిన్ లిపిలో రాసిన రామోన్ అనే స్పానిష్ పేరును రెండు ఫైళ్లలోంచి తీసి పోల్చి చూస్తున్నప్పుడు, తెరమీద రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపిస్తున్నా, ప్రోగ్రామ్ మాత్రం అవి రెండూ వేర్వేరని చెబుతూ వచ్చింది. పొడవు అడిగితే ఒకదానికి 5 అని, రెండోదానికి 6 అని జవాబిచ్చింది. ఖాళీలు కత్తిరించి చూశాను, పెద్దక్షరాలను చిన్నక్షరాలుగా మార్చి చూశాను, ఫలితం మారలేదు. సగం రోజు పోయాక, ఒక్కో అక్షరం వెనకున్న సంఖ్యను ముద్రించి చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. మొదటి ఫైలులో 'ఓ' అక్షరం, దాని తలమీది గీత కలిసి 243 అనే ఒకే సంఖ్యగా ఉన్నాయి. రెండో ఫైలులో మామూలు 'ఓ' 111గానూ, ఆ వెంటనే గీత ఒక్కటే 769గానూ విడివిడిగా ఉన్నాయి.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. స్ట్రింగ్‌లో, అంటే ప్రోగ్రామ్ దాచుకునే అక్షరాల వరుసలో, ఏముందో సంఖ్యల్లో చూడనిదే ఒక్క అక్షరాన్ని కూడా మార్చను, మార్చినదాన్ని అసలు పాఠం స్థానంలో ఎన్నడూ పెట్టను. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతి చుట్టూనే నడుస్తుంది. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప కోడ్ పాయింట్లను, అంటే ప్రపంచ లిపులకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ ఒక్కో అక్షరానికిచ్చిన సంఖ్యలను, దశాంశంలోనే ఇచ్చాను.

మొదటి మెట్టు: ఎందుకు మారుస్తున్నారో తేల్చుకోండి

"ప్రత్యేక అక్షరాలు తీసేయాలి" అనే కోరిక వెనక నాలుగైదు వేర్వేరు అవసరాలు దాగి ఉంటాయి. వెతుకులాటలో గీత పెట్టకుండా టైప్ చేసినా ఆ పేరు దొరకాలన్నది ఒక అవసరం. వెబ్ చిరునామాలోనో ఫైలు పేరులోనో సాదా అక్షరాలే ఉండాలన్నది మరొకటి. ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులకే పరిమితమైన పాత సంకేతాల పట్టిక) తప్ప మరేదీ అర్థం కాని పాత వ్యవస్థకు సమాచారం పంపడం ఇంకొకటి. వర్డ్ ప్రాసెసర్ నుంచి అతికించిన పాఠంలోని వంపు కొటేషన్లను, కనిపించని ఖాళీలను శుభ్రం చేయడం వేరొకటి. వీటిలో ఏ రెండింటికీ ఒకే జవాబు పనికిరాదు. వెతుకులాటకు యాక్సెంట్, అంటే అక్షరానికి తగిలించే గీత, చుక్క లాంటి గుర్తు, తీసేయడం సబబే, కానీ వంపు కొటేషన్లను శుభ్రం చేసే పనిలో మనుషుల పేర్లలోని యాక్సెంట్ల జోలికి వెళ్లవలసిన అవసరమే లేదు. సంకేతపదాల (పాస్‌వర్డ్‌ల) విషయంలోనైతే యాక్సెంట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు, ఎందుకంటే వాడుకరి ఎంచుకున్న బలాన్ని మనమే తగ్గించినట్టవుతుంది.

అసలు మార్చవలసిన అవసరం ఉందా అని కూడా ఒకసారి అడగండి. ఆస్కీ 1963లో వచ్చింది, అందులో ఉన్నవి 128 సంకేతాలే. యూనికోడ్ మొదటి సంచిక 1991లో వెలువడింది, ఇప్పటి యూనికోడ్‌లో 0 నుంచి 1114111 వరకు స్థానాలున్నాయి. ఈనాటి భాషలు, డేటాబేస్‌లు, బ్రౌజర్లు వీటన్నిటినీ నేరుగా మోయగలవు. చాలా చోట్ల యాక్సెంట్లు తీసేయాలనే నియమం పాత అలవాటుగా మిగిలిపోయిందే తప్ప, దాని వెనక సాంకేతిక కారణం ఇప్పుడు లేదు.

రెండో మెట్టు: బైట్లు సరిగ్గా చదివారో లేదో చూడండి

అక్షరాలను మార్చే ముందు, మీ చేతిలో ఉన్నవి నిజమైన అక్షరాలేనా, లేక తప్పుగా చదివిన బైట్లా అన్నది తేలాలి. గీత ఉన్న 'ఓ'ను, అంటే 243ను, యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే 195, 179 అనే రెండు బైట్లు అవుతాయి. ఆ రెండు బైట్లను, ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే పాత పద్ధతి లాటిన్-1 అనుకుని చదివితే, తలమీద టిల్డా (~ గుర్తు) ఉన్న పెద్ద 'ఏ', దాని పక్కన పైకెక్కిన ³ కనిపిస్తాయి. ఒక యాక్సెంట్ అక్షరం ఉండవలసిన చోట ఇలా రెండు వింత గుర్తులు, అందులోనూ మొదటిది ప్రతిసారీ టిల్డా ఉన్న పెద్ద 'ఏ'గా కనిపిస్తే, అది ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పొరపాటే. దానికి మందు సరైన ఎన్‌కోడింగ్‌తో మళ్లీ చదవడమే. మూల ఫైలు చేతిలో లేకపోతే, ఆ పాఠాన్ని లాటిన్-1గా బైట్లలోకి తిప్పి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదివితే చాలాసార్లు పాఠం తిరిగి దక్కుతుంది. పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ఈ పనిని ఇంకా జాగ్రత్తగా చేస్తుంది.

నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న � గుర్తు కనబడితే మాత్రం పరిస్థితి వేరు. దాని సంఖ్య 65533. చదవలేకపోయిన బైట్ల స్థానంలో చదివే ప్రోగ్రామ్ దాన్ని పెడుతుంది, అంటే అసలు బైట్లు అప్పటికే పోయాయి. అది ఫైలులోనే భద్రమై ఉంటే దాన్ని ఏ అక్షరంగా మార్చాలో చెప్పగల ఫంక్షన్ ఏదీ ఉండదు, మూలం దగ్గరికి వెళ్లక తప్పదు. అందువల్ల ఇన్‌పుట్ చదివేటప్పుడు తప్పులను "విస్మరించు" అనో "మార్చు" అనో చెప్పే ఐచ్ఛికాలను వాడకండి. తప్పు వచ్చినచోట ప్రోగ్రామ్ ఆగిపోయేలా కఠినంగానే ఉంచండి.

మూడో మెట్టు: ఉన్నవాటి జాబితా తయారు చేయండి

నా దృష్టిలో ఈ పని మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే అరగంట ఇదే. మీ మొత్తం పాఠాన్ని ఒకసారి చదివి, 127 దాటిన ప్రతి అక్షరాన్నీ విడిగా లెక్కించండి. ఒక్కోదానికి నాలుగు విషయాలు రాసుకోండి: దాని సంఖ్య, యూనికోడ్ ఇచ్చిన అధికారిక పేరు, ఎన్నిసార్లు వచ్చింది, అది కనిపించిన వాక్యం ఒకటి. పైథాన్‌లో సంఖ్యకు ఆర్డ్ ఫంక్షన్, పేరుకు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నేమ్ ఫంక్షన్, లెక్కకు కలెక్షన్స్‌లోని కౌంటర్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో కోడ్‌పాయింట్‌ఎట్ వాడాలి, చార్‌కోడ్‌ఎట్ వాడకూడదు. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ 16 బిట్ల ముక్కలుగా ఉంటుంది కాబట్టి, 65535 దాటిన అక్షరాలు రెండు ముక్కలై వస్తాయి. ఫర్-ఆఫ్ లూప్ వాడితే ఆ బెడద ఉండదు.

ఒక స్ట్రింగ్ మొత్తం ఆస్కీయేనా అని తెలుసుకుంటే చాలనుకుంటే పైథాన్ 3.7 నుంచి ఈజ్‌ఆస్కీ అనే పద్ధతి ఉంది.

జాబితా తయారయ్యాక చూస్తే, ఊహించినవాటికంటే ఊహించనివే ఎక్కువగా బయటపడతాయి. సాధారణంగా దొరికేవి ఇవి: విడదీయరాని ఖాళీ 160, వంపు కొటేషన్లు 8216, 8217, 8220, 8221, డ్యాష్‌లు 8211, 8212, మూడు చుక్కల ఒంటి గుర్తు 8230, కనిపించని హైఫన్ 173, వెడల్పులేని ఖాళీ 8203, ఫైలు మొదట్లో దాక్కునే 65279. వీటిలో సగం కంటికి కనబడవు, అయినా పోలికలన్నిటినీ పాడుచేస్తాయి. వీటిని ట్రిమ్ (రెండు చివర్ల ఖాళీలు కత్తిరించే ఫంక్షన్) చేస్తే పోతాయనుకోవడం పొరపాటు, ఎందుకంటే భాషను బట్టి ఆ ఫంక్షన్ ప్రవర్తన మారుతుంది. పైథాన్‌లోని స్ట్రిప్, జావాస్క్రిప్ట్‌లోని ట్రిమ్ 160ని తీసేస్తాయి గానీ 8203ను ముట్టవు. జావాలోని ట్రిమ్ 32, అంతకు తక్కువ సంఖ్యలనే తీస్తుంది. జావా 11లో వచ్చిన స్ట్రిప్ కూడా 160ని ఖాళీగా లెక్కించదు.

పసిగట్టడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసేటప్పుడు

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే వెతకవలసిన అక్షరాల నమూనాను చెప్పే సూత్రం. ఇక్కడ కొన్ని గుంతలు ఎన్నాళ్లనుంచో అలాగే ఉన్నాయి. పెద్ద 'ఏ' నుంచి చిన్న 'జెడ్' దాకా ఒకే శ్రేణిగా రాస్తే, వాటి మధ్యలో 91 నుంచి 96 వరకున్న చదరపు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్, కేరట్, అండర్‌స్కోర్, వెనుక కొటేషన్ కూడా అక్షరాలుగా చొరబడతాయి. యాక్సెంట్ అక్షరాల కోసం 192 నుంచి 255 వరకు శ్రేణి ఇవ్వమని చాలామంది సలహా ఇస్తారు. అందులో 215 గుణకార చిహ్నం ×, 247 భాగహార చిహ్నం ÷ ఉన్నాయి. పైగా అది పశ్చిమ ఐరోపా భాషల వరకే సరిపోతుంది, పోలిష్, చెక్, టర్కిష్, వియత్నామీస్ భాషల అక్షరాలు ఎన్నో 255 పైన ఉన్నాయి.

సంఖ్యల శ్రేణులకు బదులు యూనికోడ్ వర్గాలను అడగడం మేలు. ప్రతి అక్షరానికి యూనికోడ్ ఒక వర్గం ఇచ్చింది: ఎల్‌తో మొదలయ్యేవి అక్షరాలు, ఎంతో మొదలయ్యేవి అక్షరానికి తగిలే గుర్తులు, ఎన్‌తో మొదలయ్యేవి అంకెలు, పీతో మొదలయ్యేవి విరామ చిహ్నాలు, సీఎఫ్ అన్నది కనిపించని నియంత్రణ సంకేతాలు. జావాస్క్రిప్ట్‌లో 2018 ప్రమాణం నుంచి, యూ ఫ్లాగ్ పెడితే, ఈ వర్గాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోనే అడగవచ్చు. జావా, సీషార్ప్, పీహెచ్‌పీలలో కూడా ఆ సదుపాయం ఉంది. పైథాన్ ప్రామాణిక ఆర్‌ఈ మాడ్యూల్‌లో మాత్రం లేదు, అందుకోసం రెజెక్స్ అనే బయటి మాడ్యూల్ తెచ్చుకోవాలి.

తెలుగు పాఠంతో పనిచేసేవారు గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పదాలను పట్టుకోవడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పైథాన్ ఆర్‌ఈ మాడ్యూల్‌లో, అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే గుర్తిస్తుంది. మన గుణింతపు గుర్తులు ఎం వర్గంలో ఉన్నాయి గనుక వాటిని పదంలో భాగంగా లెక్కించదు. "తెలుగు" అనే మాటను దానికి ఇస్తే త, ల, గ అనే మూడు ముక్కలు తిరిగి వస్తాయి. ఎల్, ఎం, ఎన్ వర్గాలు మూడింటినీ కలిపి అడిగితేనే మాట మాటగా వస్తుంది.

నాలుగో మెట్టు: నార్మలైజేషన్

మొదట్లో చెప్పిన 243, 111తో 769 జంట సమస్యకు యూనికోడే పరిష్కారం ఇచ్చింది. దాని పేరు నార్మలైజేషన్, దానికి నాలుగు రూపాలున్నాయి. ఎన్ఎఫ్‌సీ వీలైనంతవరకు కలిపి రాస్తుంది, ఎన్ఎఫ్‌డీ వీలైనంతవరకు విడదీస్తుంది. రామోన్ పేరు ఎన్ఎఫ్‌సీలో 5 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 6 బైట్లు. ఎన్ఎఫ్‌డీలో 6 కోడ్ పాయింట్లు, 7 బైట్లు. వియత్నామీస్‌లో తలమీద టోపీ, ఆపైన గీత రెండూ ఉన్న అక్షరం ఎన్ఎఫ్‌డీలో మూడు ముక్కలవుతుంది. పోల్చే ముందు రెండు స్ట్రింగ్‌లనూ ఒకే రూపంలోకి తెస్తే చాలు, చాలాసార్లు యాక్సెంట్లు తీసేయవలసిన పనే ఉండదు. నా రామోన్ సమస్య కూడా ఈ ఒక్క పిలుపుతోనే తీరిపోయింది. ఫైలు పేర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆపిల్ వారి పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది, వాటిని వేరే వ్యవస్థకు తెచ్చుకుంటే కంటికి ఒకేలా ఉన్న పేరు వెతికితే దొరకదు.

పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్, జావాస్క్రిప్ట్‌లో 2015 ప్రమాణంతో వచ్చిన నార్మలైజ్ పద్ధతి, జావాలో జావా-టెక్స్ట్‌లోని నార్మలైజర్, సీషార్ప్‌లో స్ట్రింగ్ మీదే ఉన్న నార్మలైజ్, పీహెచ్‌పీలో ఇంట్ల్ ఎక్స్‌టెన్షన్‌లోని నార్మలైజర్, అన్నీ ఇదే పని చేస్తాయి.

మిగతా రెండు రూపాలు, ఎన్ఎఫ్‌కేసీ, ఎన్ఎఫ్‌కేడీ, ఇంకొంచెం దూరం వెళతాయి. రూపంలో తేడా ఉన్నా అర్థం దగ్గరగా ఉన్నవాటిని కూడా అవి ఒకటి చేస్తాయి. జపనీస్ కీబోర్డుల నుంచి వచ్చే పూర్తి వెడల్పు లాటిన్ అక్షరాలను మామూలువిగా మార్చడానికి ఇవి చక్కగా ఉపయోగపడతాయి. అయితే 5² అన్నది వీటి చేతిలో 52 అవుతుంది. 2½ అన్నది 2, 1, భిన్నపు గీత, 2గా విడిపోతుంది. ఆ తర్వాత ఆస్కీ కానివాటిని వదిలేస్తే, 8260 సంఖ్యగల ఆ గీత కూడా పోయి 212 మిగులుతుంది. రెండున్నర రెండువందల పన్నెండుగా మారిపోయే చోట ఈ రూపాలను గుడ్డిగా వాడకూడదు. కొలతలు, పరిమాణాలు, సూత్రాలు ఉన్న పాఠానికి ఎన్ఎఫ్‌సీతోనే ఆగిపోండి.

ఐదో మెట్టు: యాక్సెంట్లను తీయడం

బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి ఏమిటంటే, స్ట్రింగ్‌ను ఎన్ఎఫ్‌డీలోకి విడదీసి, గుర్తులన్నిటినీ పారేయడం. ఆలోచన మంచిదే. అయితే "గుర్తు" అంటే ఏమిటో ఎలా నిర్ణయిస్తున్నామన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఎం వర్గంలోనే ఎంఎన్, ఎంసీ అనే ఉపవర్గాలున్నాయి: మొదటివి విడిగా చోటు తీసుకోనివి, రెండోవి తీసుకునేవి. ఎంఎన్ వర్గంలో ఉన్నవన్నీ తీసేయమని చెప్పే కోడ్‌కు "తెలుగు" అనే మాటను ఇవ్వండి. ఎత్వం ఎంఎన్ వర్గంలో ఉంది, ఉత్వం ఎంసీ వర్గంలో ఉంది. ఫలితంగా "తలుగు" మిగులుతుంది. వర్గాన్ని కాక, గుర్తు ఏ రకంగా అతుకుతుందో సంఖ్యలో చెప్పే పైథాన్‌లోని కంబైనింగ్ ఫంక్షన్ సున్నా కాని విలువ ఇచ్చినవాటిని తీసే మరో ప్రసిద్ధ పద్ధతి ఉంది. దానికి "తెలుగు" చెక్కుచెదరదు గానీ, పొల్లు గుర్తుకు ఆ విలువ 9 కాబట్టి "అమ్మ" కాస్తా "అమమ" అవుతుంది. ఐత్వం ఎన్ఎఫ్‌డీలో రెండుగా విడిపోయి, రెండో ముక్కకు ఆ విలువ 91 కాబట్టి "పైన" అన్నది "పెన" అవుతుంది. ఈ రెండు కోడ్‌లూ లాటిన్ పాఠం మీద పరీక్షిస్తే నిక్షేపంగా పనిచేస్తాయి, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడకుండా ఏళ్లతరబడి నడుస్తుంది. యాక్సెంట్ అంటే లాటిన్ అక్షరానికి అలంకారం కావచ్చేమో గానీ, మన గుణింతం అలంకారం కాదు, అది అచ్చు. దాన్ని తీసేస్తే మిగిలేది వేరే మాట.

కనుక తొలగించే గుర్తులను 768 నుంచి 879 వరకున్న శ్రేణికే పరిమితం చేయండి. పదహారాంకెల పద్ధతిలో అది 0300 నుంచి 036ఎఫ్ వరకు. తెలుగు గుర్తులు 3072 నుంచి 3199 వరకున్న శ్రేణిలో ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ కాదు. అయినా ఒక మెలిక మిగులుతుంది. రష్యన్‌లో 'య్'కు దగ్గరగా పలికే 1081 అక్షరం, ఎన్ఎఫ్‌డీలో 1080గానూ, 774 అనే గుర్తుగానూ విడిపోతుంది. ఆ గుర్తు మన శ్రేణిలోనే ఉంది, దాన్ని తీస్తే హల్లు పోయి 'ఇ' మిగులుతుంది. అందుకని గుర్తు ముందున్న మూలాక్షరం లాటిన్ లిపికి చెందినదైతేనే తీయాలని మరో షరతు పెట్టండి. జావాస్క్రిప్ట్‌లో లిపిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోనే అడగవచ్చు, జావాలో యూనికోడ్‌స్క్రిప్ట్ ఉంది. పైథాన్‌లో నేరుగా లేదు గానీ, అధికారిక పేరు లాటిన్ అనే మాటతో మొదలవుతోందా అని చూస్తే ఈ పనికి సరిపోతుంది.

అంతా అయ్యాక మళ్లీ ఎన్ఎఫ్‌సీలోకి కలపడం మరిచిపోవద్దు. ఎన్ఎఫ్‌డీ కొరియన్ అక్షరాలను, జపనీస్‌లోని కొన్నిటిని, మన ఐత్వాన్ని కూడా విడదీసి ఉంటుంది. వాటిని అలాగే వదిలేస్తే మొదటి సమస్యను మనమే మళ్లీ సృష్టించినట్టవుతుంది.

ఆరో మెట్టు: విడిపోని అక్షరాలకు పట్టిక

కొన్ని లాటిన్ అక్షరాలు చూడటానికి యాక్సెంట్ ఉన్నట్టే ఉంటాయి గానీ, యూనికోడ్ వాటిని విడదీయదు. పోలిష్‌లో అడ్డగీత ఉన్న 'ఎల్' 322, డేనిష్‌లో ఏటవాలు గీత ఉన్న 'ఓ' 248, వియత్నామీస్‌లోనూ క్రొయేషియన్‌లోనూ గీత ఉన్న 'డీ' 273, జర్మన్ జంట 'ఎస్' 223, అతుక్కున్న 'ఏఈ' 230, 'ఓఈ' 339, చుక్కలేని టర్కిష్ 'ఐ' 305, ఐస్‌లాండిక్‌లోని 240, 254, ఇవన్నీ ఎన్ఎఫ్‌డీకి లొంగవు. పోలండ్‌లోని వూచ్ నగరం పేరు లాటిన్ లిపిలో నాలుగక్షరాలు. దాన్ని విడదీసి, ఆస్కీ కానివాటిని విస్మరించమంటే, మూడో అక్షరం ఎలాగూ సాదా 'డీ'యే, 'ఓ', 'జెడ్' తమ గీతలు వదులుకుని నిలుస్తాయి, మొదటి అక్షరం మాత్రం జాడ లేకుండా పోతుంది. మూడక్షరాలు మిగిలిన ఆ పేరుతో ఏ నగరమూ దొరకదు. "విస్మరించు" ఐచ్ఛికం మీద నాకున్న అభ్యంతరమంతా ఇదే: తప్పు జరిగిందన్న సూచన కూడా ఇవ్వకుండా అది సమాచారాన్ని మింగేస్తుంది.

ఇందుకు చిన్న పట్టిక రాసుకోవాలి. 223కు రెండు 'ఎస్'లు, 230కి 'ఏ', 'ఈ', 339కి 'ఓ', 'ఈ', 322కు 'ఎల్', 273కూ 240కీ 'డీ', 254కు 'టీ', 'హెచ్', 248కి 'ఓ', 305కు 'ఐ'. వీటి పెద్దక్షరాలనూ చేర్చండి. వెంట వంపు కొటేషన్లకు 39, 34, డ్యాష్‌లకూ 8722 సంఖ్యగల తీసివేత గుర్తుకూ 45, మూడు చుక్కల గుర్తుకు మూడు విడి చుక్కలు, 160కీ 8239కీ మామూలు ఖాళీ 32 చేర్చవచ్చు. పైథాన్‌లో మేక్‌ట్రాన్స్‌తో పట్టిక కట్టి ట్రాన్స్‌లేట్‌కు ఇస్తే మొత్తం ఒక్క చుట్టులో పూర్తవుతుంది, వరసగా ఇరవై రీప్లేస్ పిలుపులు రాయడంకన్నా అది వేగం కూడా, చదవడానికీ సులువు.

పట్టిక భాషను బట్టి మారుతుందన్నది మాత్రం ఒప్పుకోవాలి. తలమీద రెండు చుక్కలున్న 'ఏ'ను జర్మన్‌వారు చుక్కలు లేకుండా రాయవలసివస్తే 'ఏఈ' అని రాస్తారు, అదే అక్షరాన్ని మరో భాషలో ఒట్టి 'ఏ'గా రాయడం రివాజు కావచ్చు. స్పానిష్‌లో టిల్డా ఉన్న 'ఎన్' విడి అక్షరం, దాని టిల్డా తీస్తే "సంవత్సరం" అనే మాట మర్యాదగా పలకలేని మరో మాట అవుతుంది. పాఠం ఏ భాషదో తెలిస్తే ఆ భాష పట్టికను ముందు వాడండి. తెలియకపోతే సాధారణ పట్టిక వాడి, ఫలితాన్ని ఎవరికీ చూపించకుండా వెతుకులాటకే పరిమితం చేయండి.

తయారుగా ఉన్న సాధనాలు కూడా ఉన్నాయి. యూనికోడ్ పనుల కోసమున్న ఐసీయూ లైబ్రరీలోని ట్రాన్స్‌లిటరేటర్ లాటిన్‌ను ఆస్కీగా మార్చే నియమాలతో వస్తుంది, పైథాన్‌లో యూనిడీకోడ్ ఉంది. పీహెచ్‌పీలో ఐకాన్వ్‌ను ట్రాన్స్‌లిట్ ఐచ్ఛికంతో వాడేవారు జాగ్రత్తపడాలి, దాని ఫలితం యంత్రంలోని సీ లైబ్రరీని బట్టి, లొకేల్ (భాష, ప్రాంతం) అమరికను బట్టి మారుతుంది. మీ కంప్యూటర్‌లో సరిగా వచ్చింది సర్వర్‌లో ప్రశ్నార్థకం కావచ్చు.

ఏడో మెట్టు: అన్నిటినీ సరైన వరుసలో పెట్టడం

నేను వాడే వరుస ఇది. ముందు ఎన్ఎఫ్‌సీ. వెతుకులాట కోసమైతే ఆ వెంటనే కేస్‌ఫోల్డ్, అంటే పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా చెరిపేయడం. తర్వాత ఆరో మెట్టులోని పట్టిక. అప్పుడు ఎన్ఎఫ్‌డీ, లాటిన్ మూలాక్షరాల మీది గుర్తుల తొలగింపు, చివరగా మళ్లీ ఎన్ఎఫ్‌సీ. కేస్‌ఫోల్డ్‌ను ముందే ఎందుకు పెట్టాలంటే, అది కొత్త గుర్తులను పుట్టించగలదు. తలమీద చుక్క ఉన్న పెద్ద టర్కిష్ 'ఐ', సంఖ్య 304, చిన్నక్షరమయ్యేటప్పుడు మామూలు 'ఐ'గానూ, 775 అనే విడి చుక్కగానూ మారుతుంది. ముందే ఆ పని చేస్తే ఆ చుక్క తర్వాతి తొలగింపులో పోతుంది.

కనిపించని సంకేతాల విషయంలో ఒక హెచ్చరిక. సీఎఫ్ వర్గం మొత్తాన్ని తీసేయమనే సలహా తరచుగా కనిపిస్తుంది. అందులో 8203, 65279, 173 ఉన్న మాట నిజమే, వాటిని సాధారణంగా తీయవచ్చు. కానీ అదే వర్గంలో 8204 ఉంది. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు 'ట్' పొల్లుగా నిలిచి, 'వే' దాని కింద వత్తుగా దిగకుండా ఆపేది ఆ సంకేతమే. దాన్ని తీస్తే "సాఫ్ట్వేర్" అవుతుంది. 8205 పోతే కుటుంబం బొమ్మలాంటి ఎమోజీలు విడివిడి మనుషులుగా చెదిరిపోతాయి. చూపించే పాఠంలో ఈ రెండింటినీ ముట్టకండి. వెతుకులాట కీలో, అంటే వెతకడానికే విడిగా తయారు చేసుకున్న రూపంలో, మాత్రం 8204ను తీయడమే మంచిది, ఎందుకంటే ఒకరు దాన్ని పెట్టి టైప్ చేస్తారు, మరొకరు పెట్టరు.

భద్రతా తనిఖీలన్నీ ఈ మార్పులు పూర్తయ్యాకే జరగాలి. పూర్తి వెడల్పు కోణ బ్రాకెట్ 65308 తనిఖీ దగ్గర హాని లేనిదిగానే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎన్ఎఫ్‌కేసీ దాన్ని 60గా, అంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగును తెరిచే గుర్తుగా మారుస్తుంది. వంపు కొటేషన్‌ను 39గా మార్చడమూ అలాంటిదే. తనిఖీ ముందు, మార్పు తర్వాత అయితే తలుపు గడియ పెట్టి కిటికీ తెరిచినట్టే. సిరిలిక్ 'ఏ' 1072, లాటిన్ 'ఏ' 97 కంటికి ఒకేలా ఉన్నా ఏ నార్మలైజేషనూ వాటిని కలపదు. అలాంటి మోసాలను పట్టడానికి యూనికోడ్ సాంకేతిక ప్రమాణం 39లో ఒకేలా కనిపించే అక్షరాల పట్టిక వేరుగా ఉంది.

డేటాబేస్‌లో

చాలా సందర్భాల్లో ఈ పనిని డేటాబేస్‌కే అప్పగించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అన్ఆక్సెంట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, దాని నియమాల ఫైలుకు మన పట్టికను చేర్చుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0లో అప్రమేయంగా ఉండే కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమాల సమితి) యాక్సెంట్ తేడాలను, కేస్ తేడాలను పట్టించుకోదు, అంటే గీత ఉన్న రామోన్‌ను, లేని రామోన్‌ను ఒకటిగానే చూస్తుంది. ఆ నిలువు వరుస మీద యూనిక్ ఇండెక్స్ ఉంటే రెండో పేరును చేర్చనివ్వదు కూడా, ఇది మీకు కావలసిందో కాదో ముందే చూసుకోండి. పాత యూటీఎఫ్8 అక్షర సమితి మూడు బైట్ల వరకే మోస్తుంది, ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి కాబట్టి యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి.

డేటాబేస్ ఏదైనా, రెండు నిలువు వరుసలు పెట్టండి. ఒకదానిలో మనిషి తన పేరును ఎలా రాసుకున్నారో అలాగే, ఎన్ఎఫ్‌సీ చేసి దాచండి. రెండోదానిలో మార్పులన్నీ జరిగిన కీ ఉంచండి. వెతికేది కీలో, చూపించేది అసలు పేరు. నియమాలు రేపు మారితే కీని అసలు పేరునుంచి మళ్లీ తయారు చేసుకోవచ్చు, కీనుంచి అసలు పేరును తిరిగి తెచ్చుకునే దారి మాత్రం లేదు.

చివరి మెట్టు: పరీక్షలు

ఫంక్షన్‌ను ఒకసారి నడిపినా, వచ్చిన ఫలితం మీద మళ్లీ నడిపినా జవాబు మారకూడదు, ఇది మొదటి పరీక్ష. రామోన్ రెండు రూపాలకూ ఒకే కీ రావాలి. వూచ్ నగరం పేరులో నాలుగక్షరాలూ మిగలాలి. "తెలుగు", "అమ్మ", "పైన" ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగి రావాలి. రష్యన్ 1081 అలాగే ఉండాలి. జర్మన్ 223 రెండు అక్షరాలు కావాలి, అందువల్ల స్ట్రింగ్ పొడవు పెరగవచ్చని నిలువు వరుస పరిమాణం నిర్ణయించేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. ఖాళీ స్ట్రింగ్, గుర్తు ఒక్కటే ఉన్న స్ట్రింగ్ ఇచ్చినా ప్రోగ్రామ్ కూలకూడదు.

ఇప్పటికే ఉన్న డేటా మీద మొదటిసారి నడిపేటప్పుడు, దేన్నీ మార్చకుండా కీలను మాత్రం తయారు చేసి, ఒకే కీ వచ్చిన వేర్వేరు పేర్లన్నిటినీ ఒక నివేదికగా రాయండి. ఆ జాబితాను మనిషి కూర్చుని చదవాలి. కొన్ని జంటలు ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదైనవి అవుతాయి, కొన్ని నిజంగానే ఇద్దరు వేర్వేరు వ్యక్తులవి అవుతాయి. రెండో రకం ఒక్కటి కనిపించినా కీ మీద యూనిక్ షరతు పెట్టకండి, దాన్ని మామూలు ఇండెక్స్‌గానే ఉంచండి.